హల్దా ఓటు

పంతొమ్మిది వందల పదిహేడు డిసెంబరులో నాకు ఓటు వచ్చింది. నా తెలివి చూసి ఇవ్వలేదు, ముప్ఫై నాలుగేళ్లు నిండాయనీ ఇవ్వలేదు. మా తమ్ముడు మర్డాక్ బెల్జియం బురదలో తుపాకి పట్టుకుని నిలబడ్డాడు కాబట్టి ఇచ్చారు. ఆ ఏడు మా కెనడా రాజధాని ఒట్టావాలో పెద్దలు కూర్చుని చట్టం చేశారు: ఆడవాళ్లలో, సైన్యంలో మొగుడో కొడుకో అన్నదమ్ముడో ఉన్నవాళ్లకే ఓటు. మిగిలినవాళ్లు ఇంట్లో కూర్చుని సిపాయిలకు సాక్సులు అల్లుకోవచ్చు. ఎవరైతే తమకు ఓటేస్తారో వాళ్లకే ఓటు ఇచ్చుకున్నారన్నమాట. అప్పట్లో నాకది తోచలేదు. ఓటు వచ్చిందని నాలుగో లైను రోడ్డు పొడుగునా చెప్పుకుని తిరిగాను.

మా పక్క పొలం హల్దా ప్రింగిల్‌ది. మా అమ్మ పోయినప్పుడు నాకు పదకొండేళ్లు, మర్డాక్‌కి మూడు. వెన్న తియ్యడం, రొట్టె కాల్చడం, తమ్ముడికి పేలు దువ్వడం, అన్నీ హల్దా నేర్పినవే. ఆమె భర్త అడవిలో చెట్టు కొడుతుంటే అది మీదపడి చచ్చిపోయాడు. మిగిలింది ఒక్క కొడుకు, ఎల్విన్. ఆ శరత్కాలంలో వాడికి ఇరవై నిండాయి. సైన్యానికి ఇరవై చాలు, ఓటుకి ఇరవై ఒకటి కావాలి. తుపాకికి పనికొస్తాడు, పెన్సిలుకి పనికిరాడు. కొడుకు సైన్యంలో లేడు కాబట్టి తల్లికీ ఓటు లేదు. ఆ ఇంటి నుంచి మనిషిని పట్టుకుపోవచ్చా లేదా అన్నదే ఆ ఎన్నికల్లో తేలవలసిన సంగతి, ఆ ఇంట్లో మాత్రం ఓటు లేదు.

నిర్బంధంగా కుర్రాళ్లని సైన్యంలో చేర్చుకోవాలన్నది ప్రభుత్వం పట్టుదల. మా జిల్లా సభ్యుడు క్రాంబీ ఆ ప్రభుత్వంలో మంత్రి. నవంబరు చివర మా ఇన్వర్లీ టౌనుహాలుకి వచ్చి బల్ల గుద్ది చెప్పాడు: "రైతు కొడుకుని నాగలి దగ్గర్నుంచి లాగం. తిండి పండించేవాడూ సిపాయే. ఇది నా మాట." కప్పు ఎగిరిపోతుందేమో అన్నంతగా చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. హల్దా కొట్టలేదు.

తిరుగు దారిలో, మంచుబండిలో ఒకే దుప్పటి కప్పుకుని వస్తూ అడిగాను.

"చప్పట్లు కొట్టలేదేం అక్కా?"

"చేతులు ఖాళీ లేవే. సాక్సు అల్లుతున్నా."

"బాగానే ఉంది. సూదులు సంచీలో ఉన్నాయి, నేను చూశాగా."

"సరేలే, నమ్మలేదు. మూడేళ్ల కింద ముసలి గుర్రాన్ని నాకంటగట్టినవాడు కూడా ఇలాగే గుండె మీద చెయ్యేసుకుని చెప్పాడు." గుర్రం చెవుల వంక చూస్తూ అంది: "ఎఫీ, నా ఓటు నువ్వు వెయ్యి."

"నాకున్నది ఒక్కటేగా అక్కా."

"ఆ ఒక్కటే నాకియ్యి. అతనికి వెయ్యకు. నిన్నెప్పుడూ ఏదీ అడగలేదు."

నిజమే, అడగలేదు. ఇరవై మూడేళ్లుగా ఇవ్వడమే తప్ప ఆవిడ నన్ను చెంచాడు ఉప్పు అడిగిన పాపాన పోలేదు. దుప్పటి కింద చెయ్యి పట్టుకుని మాటిచ్చాను. మనస్ఫూర్తిగానే ఇచ్చాను. ఆ రోజున నన్ను నరికినా క్రాంబీకి వేసేదాన్ని కాదు.

తర్వాత తొమ్మిదో రోజున మర్డాక్ ఉత్తరం వచ్చింది. మావాడు ఉత్తరాల్లో ఎప్పుడూ సరదాగా రాసేవాడు. సార్జంటు గురక, ఫ్రెంచి కోళ్లు, సాక్సులు మరీ పెద్దవి అల్లారు ఏనుగుల కోసమా, ఇలాంటివి. ఈసారి అవేవీ లేవు. ఐదు వరుసలు, పెన్సిలుతో.

"అక్కా, మా ప్లటూనులో ముప్ఫై ఆరుగురం వెళ్లాం, ఏడుగురం వచ్చాం. కోలుకోవడానికి వెనక్కి పంపుతామన్నారు. మార్చడానికి మనుషుల్లేరని మళ్లీ మమ్మల్నే పంపుతున్నారు. మీరంతా అక్కడ ఏం చేస్తున్నారు? ఎవర్నైనా పంపండి. ఎవరైనా సరే."

చివరి రెండు మాటల కింద గీత గీశాడు. ఆ గీత దగ్గర కాగితం చిరిగింది.

నేను ఆ ఉత్తరం నాన్నకి చూపించలేదు, హల్దాకీ చూపించలేదు. గౌను జేబులో పెట్టుకుని తిరిగాను. పాలు పితుకుతున్నా, అంట్లు తోముతున్నా ఆ కాగితం తొడకి తగులుతూనే ఉండేది. నేను పేలు దువ్విన తల అది. ముందు పళ్లు రెండూ ఊడినప్పుడు దిండు కింద పెట్టుకుని పడుకున్నవాడు. వాడు "ఎవరైనా సరే" అంటున్నాడు.

డిసెంబరు పదిహేడున మా లైను బళ్లో పోలింగు. నాన్న కాలు బాగాలేక రాలేదు. హల్దాయే తన మంచుబండిలో నన్ను బడికి తీసుకెళ్లింది. నా కాళ్లు చలికి కొంకర్లు పోకుండా వేడి ఇటుకలు గోనెలో చుట్టి పెట్టింది. తనకి లోపలికి వెళ్లే హక్కు లేదు కదా, గుర్రం పట్టుకుని బయట నిలబడింది.

మూల నల్లబల్ల పక్కన దుప్పటి కట్టి చాటు చేశారు. దాని వెనక పిల్లలు రాసుకునే బల్ల, దారంతో కట్టిన పెన్సిలు. ఓటు కాగితం మీద రెండు పేర్లు. క్రాంబీ పేరు పైన ఉంది. నేను కింది పేరు మీదికి పెన్సిలు తీసుకెళ్లాను. దేవుడి ముందు చెబుతున్నాను, తీసుకెళ్లాను. అప్పుడు జేబులో కాగితం తగిలింది. నాకు నేనే నచ్చజెప్పుకున్నాను: రైతు కొడుకుల జోలికి రామని మంత్రి బల్ల గుద్ది చెప్పాడుగా. వెళ్లేవాళ్లు టొరంటోలో బిలియర్డ్సు ఆడుకునే కుర్రాళ్లే. ఎల్విన్‌కి వచ్చిన భయం లేదు, మర్డాక్‌కి మాత్రం నిద్ర దొరుకుతుంది. ఎంత తేలిగ్గా నచ్చిందో. పై పేరు ఎదురుగా గీత కొట్టాను, దాని మీద ఇంకో గీత. కాగితం మడిచి డబ్బాలో వేశాను.

బయటికొచ్చేసరికి హల్దా కనుబొమ్మల మీద మంచు పేరుకుంది.

"వేశావా?"

"వేశాను."

అబద్ధం కూడా కాదది. అదే నా దరిద్రం. హల్దా రెండు చేతుల్తో నా మొహం పట్టుకుని నుదుటి మీద ముద్దు పెట్టింది. మా ప్రాంతంలో పెద్దవాళ్లు అలాంటివి చెయ్యరు. నా చిన్నప్పుడు కూడా ఆవిడ ఎప్పుడూ అలా చెయ్యలేదు.

క్రాంబీ గెలిచాడు. జిల్లా మొత్తం లెక్క ఒక్కటే పేపర్లో వేశారు. ఏ బడిలో ఎన్ని పడ్డాయో వెయ్యలేదు. హమ్మయ్య అనుకున్నాను. క్రిస్మస్‌కి హల్దా తన పెద్దబాతుల్లో బలిసినదాన్ని కోసి, కాల్చి, పళ్లెంలో పెట్టి మా ఇంటికి తెచ్చింది. "ఓడిపోతేనేం, నా మాట నిలబెట్టావు. ఈ లైను మీద నా తరఫున ఒక్కరైనా ఉన్నారు" అంది. నాన్న ఎముకల్తో సహా నమిలాడు. నాకు ముద్ద దిగలేదు. పంటి నొప్పి అని చెప్పాను. దానికి మర్నాడు లవంగ నూనె తెచ్చి ఇచ్చింది. ఆవిడ మంచితనం భరించలేక ఆవిడ మీదే చిరాకు పడ్డ రోజులున్నాయి.

జనవరిలో ఎల్విన్‌కి మినహాయింపు కాగితం వచ్చింది, వ్యవసాయం కింద. హల్దా దాన్ని బైబిల్లో దాచింది. నా గుండెల మీద బరువు దిగింది. చెప్పేద్దామా అని కూడా అనుకున్నాను. ప్రమాదం దాటిపోయింది కదా, నవ్వేసి ఊరుకుంటుందిలే అనుకున్నాను. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అంటూ మేపుల్ చెట్ల పాకం కాచే రోజులొచ్చాయి, అవీ వెళ్లిపోయాయి.

మార్చిలో జర్మన్లు విరుచుకుపడ్డారు. ఏప్రిల్ ఇరవయ్యో తేదీన మా టెలిఫోను మోగింది. మా లైను మీద పదకొండు ఇళ్లకి కలిపి ఒకటే తీగ. ఎవరికి గంట మోగినా అందరూ ఎత్తి వింటారు. టెలిఫోను సెంట్రల్‌లో తీగలు కలిపే అమ్మాయి పేపరు చదివి వినిపించింది: ఇరవై నుంచి ఇరవై రెండేళ్ల లోపు పెళ్లికాని కుర్రాళ్లకి మినహాయింపులన్నీ రద్దు. రైతు కొడుకులకి కూడా. తీగ మీద పదకొండు ఇళ్ల ఊపిరి వినిపించింది. హల్దా గొంతు మాత్రం నెమ్మదిగా వచ్చింది. "ఆ కాగితం చెల్లదా అమ్మాయ్?" అని అడిగింది. ఆ పిల్ల ఏడ్చేసింది.

మర్నాడు పొద్దున్నే హల్దా చర్చికి వేసుకునే టోపీ పెట్టుకుని మా గుమ్మంలో నిలబడింది.

"క్రాంబీ శనివారం ఇన్వర్లీ వస్తున్నాడట. నువ్వు నాతో రావాలి ఎఫీ."

"నేనెందుకు అక్కా? నేను మాట్లాడితే వింటాడా?"

"సిపాయి అక్కవి. నిన్ను కాదనడానికి మొహం చెల్లదు."

వెళ్లాను. వెళ్లకుండా ఎలా ఉంటాను? మందుల షాపు మీద గదిలో అతని ఆఫీసు. మెట్ల మీద మాలాంటి తల్లులూ తండ్రులూ కిందదాకా బారులు తీరారు. మా వంతు వచ్చేసరికి రెండు దాటింది. హాల్లో బల్ల గుద్దిన మనిషి కాదు, సగం అయ్యాడు. బల్ల మీద సైనిక దుస్తుల్లో ఓ కుర్రాడి ఫొటో ఉంది, చట్రానికి నల్ల రిబ్బను కట్టి ఉంది. ఆయన కొడుకని చెప్పక్కర్లేకుండా ముక్కు చెప్పింది.

హల్దా కూర్చోలేదు.

"అయ్యా, నేను హల్దా ప్రింగిల్‌ని. నాలుగో లైను. నాకు ఒక్కడే కొడుకు, డెబ్బై ఎకరాలు. వాణ్ణి తీసుకెళ్తే దున్నేవాడు లేడు. మీరు టౌనుహాల్లో మాటిచ్చారు."

"ఇచ్చానమ్మా. ఇచ్చిన రోజున అది నిజమే. మార్చి తర్వాత అక్కడున్నవాళ్లకి మేమిచ్చిన మాట దానికంటే పెద్దదైంది. వాళ్లని వదిలెయ్యమంటారా?" ఆయన ఫొటో వంక చూడకుండా ఉండటానికి తంటాలు పడుతున్నాడని నాకు తెలుస్తూనే ఉంది.

హల్దా గొంతు సవరించుకుంది. నాకు అప్పుడు అర్థమైంది ఏం చెప్పబోతోందో. కొంగలాగ నిటారుగా నిలబడి, ఎప్పుడూ దాపరికం తెలియని మనిషి, నా తరఫున నేరం ఒప్పుకుంటోంది.

"ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఈవిడ ఎఫీ లాకర్‌బీ. ఈవిడ తమ్ముడు యుద్ధంలో ఉన్నాడు. నేను బతిమాలితే మీకు వ్యతిరేకంగా ఓటేసింది. అది మనసులో పెట్టుకుంటే నా మీద పెట్టుకోండి. ఈవిడ మీదా, మా వాడి మీదా వద్దు."

క్రాంబీ మొదటిసారి కాస్త నవ్వాడు. ఆదరంగానే నవ్వాడు.

"నాలుగో లైను బడేనా? పొరపాటు పడ్డారమ్మా. అక్కడ నాకు అరవై మూడు పడ్డాయి. అవతలాయనకి ఒక్కటీ లేదు. జిల్లా మొత్తంలో అలా వచ్చినవి మూడే చోట్లు, అందుకే గుర్తుంది." నా వైపు తిరిగి తల వంచాడు. "మీ తమ్ముడు అదృష్టవంతుడు."

హల్దా నా వైపు చూడలేదు. చేతి సంచీ మూత తెరిచింది, మూసింది. "అలాగా" అంది. "మీ టైము చాలా తీసుకున్నాం."

తొమ్మిది మైళ్లు బగ్గీలో పక్కపక్కన కూర్చుని వచ్చాం. నా మోకాలు ఆవిడ మోకాలికి తగులుతోంది. అక్కా అందామని నాలుగుసార్లు నోరు తెరిచాను. మర్డాక్ ఉత్తరం సంగతి చెబుదామని, రైతుల జోలికి రామన్నారు కదా అని, ఏదో ఒకటి చెబుదామని. ఏ మాట చూసినా నన్ను నేను కాపాడుకునే మాటే. నోరు మూసుకున్నాను. నన్ను తిట్టినా, మెడ పట్టి బగ్గీలోంచి తోసినా నాకు హాయిగా ఉండేది. తోలుతూనే ఉంది, మా గేటు దాటిపోయి వాళ్ల గేటు దగ్గర ఆపింది.

"ఎల్విన్ దక్షిణం పొలంలో ఓట్సు గింజలు చల్లుతున్నాడు. వెళ్లి చెప్పు."

"నేనా?"

"నేను చెబితే నీ మీద కోపంతో చెప్పినట్టుంటుంది. వాడు నువ్వు మా వైపు ఉన్నావనుకుంటున్నాడు. తెలిసి వెళ్లాలి వాడు."

వెళ్లాను. దున్నిన మట్టిలో చర్చి బూట్లు కూరుకుపోతున్నాయి. ఎల్విన్ గుర్రాల్ని ఆపి నేను చెప్పిందంతా విన్నాడు. ఉత్తరం గురించి కూడా చెప్పాను, వాడికి చెప్పాలనిపించింది. గుర్రాల తోలు పట్టీ మీద ఎండిన మట్టిని గోటితో గీకాడు.

"మర్డాకన్న ఎలా ఉన్నాడు?"

"బాగానే ఉన్నాడు. పోయిన వారం ఉత్తరం వచ్చింది."

"పోన్లే" అన్నాడు. అది ఓదార్పో, ఎత్తిపొడుపో ఇప్పటికీ తేల్చుకోలేదు. "నన్నడిగి ఉంటే బాగుండేది పిన్నీ. వెళ్లేది నేనే కదా." తర్వాత గుర్రాల వంక తిరిగి, మామూలు గొంతుతో అన్నాడు: "అమ్మకి కీళ్ల నొప్పులు, పాలు పితకలేదు. పొద్దున్నే వస్తావా?"

"వస్తానురా."

"ఎర్రావు తంతుంది. ముందు మాట్లాడి, తర్వాత చెయ్యి వెయ్యి."

వాడు మేలో వెళ్లాడు. ఆ మర్నాటి నుంచి రోజూ పొద్దున్నే వెళ్లి పితికాను. హల్దా కడిగిన బకెట్లు పాక తలుపు దగ్గర బోర్లించి ఉంచేది, నిండినవి లోపలికి తీసుకునేది. అవసరమైన మాట మాట్లాడేది. "నల్లదానికి పొదుగు వాచింది." "రేపు వాన పడేట్టుంది." అంతే. రావద్దని అనలేదు. నేను ఆ పని చేసి పాపం కడుక్కుంటున్నానని అనుకుంటే పొరపాటు. చేసినకొద్దీ పెరిగింది. ఎర్రావుతో రోజూ మాట్లాడేదాన్ని. ఆ కొట్టంలో నాతో మాట్లాడటానికి ఇంకెవరున్నారు?

అక్టోబరులో తంతి వచ్చింది. ఇంగ్లండులో శిక్షణ శిబిరంలో, ఆ ఏడు లోకాన్నంతా ఊడ్చిన జ్వరంతో ఎల్విన్ పోయాడు. ఫ్రాన్సు గడ్డ మీద కాలే పెట్టలేదు. మర్డాక్ పక్కన ఒక్క పూట నిలబడలేదు, వాడి బదులు ఒక్క గంట కాపలా కాయలేదు. నా తమ్ముడికి ఒక్క రాత్రి నిద్ర కొనడానికి నేను వేసిన ఓటు ఆ నిద్ర కూడా కొనలేదు. హల్దా ఇంటికి పరుగెత్తాను. తలుపు తీసింది, లోపలికి రమ్మంది, కుర్చీ చూపించింది. ఏడ్చింది నేనే. ఆవిడే టీ పెట్టి ఇచ్చింది.

తరువాతి వసంతంలో మర్డాక్ తిరిగొచ్చాడు, ఎడమ చేతికి రెండు వేళ్లు లేకుండా. బడిలో విందు చేశారు. హల్దా అందరిలాగే ఆపిల్ పై చేసి తెచ్చి, వాడి పళ్లెంలో పెద్ద ముక్క వేసి, "చిక్కిపోయావు, తిను" అంది. ఆ రాత్రి కాదు, మర్నాడు కంచె బాగుచేస్తూ వాడికి నేను అంతా చెప్పాను. నన్ను ఓదారుస్తాడనుకున్నాను కాబోలు, సిగ్గులేని దాన్ని.

"ఏ ఉత్తరం?" అన్నాడు.

తీసి ఇచ్చాను. చదివి, ఎవరో పరాయివాడు రాసినట్టు అటూ ఇటూ తిప్పాడు.

"మూడు రోజులు నిద్రలేదక్కా అప్పటికి. ఇది రాసి, ఆ బురదలోనే పడి పద్నాలుగు గంటలు నిద్రపోయాను. నిద్ర లేచాక రాసుంటే ఇలా రాసేవాణ్ణి కాదు." సుత్తి కింద పెట్టేశాడు. "ఎవరైనా సరే అన్నానా? ఎల్విన్ గుర్తు కూడా రాలేదే నాకు."

ఆ రోజు నుంచి మా ఇంట్లో ఆ బరువు మోసేవాళ్లం ఇద్దరం అయ్యాం. వాడికి చెప్పకుండా ఉంటే ఒక్కదాన్నే ఉండేదాన్ని. ఆ తప్పు కూడా నా ఖాతాలోదే. అప్పటి నుంచి హల్దా పొలం వాడే దున్నుతున్నాడు.

ఇరవై ఒకటిలో మళ్లీ ఎన్నికలొచ్చాయి. ఈసారి ఆడవాళ్లందరికీ ఓటుంది, ఎవరి కొడుకు ఎక్కడున్నా సరే. క్రాంబీ మళ్లీ నిలబడ్డాడు. అతని మీద రైతులంతా కలిసి తమ మనిషిని నిలబెట్టారు. అతన్ని దింపెయ్యాలని నాలుగో లైను మీద ఇంటింటికీ తిరిగిందాన్ని నేనే. ఓటు వేసే రోజు పొద్దున్న పాలు పితికాక, మా మంచుబండి కట్టుకుని, వేడి ఇటుకలు గోనెలో చుట్టి, హల్దా గుమ్మం ముందు ఆపాను. ఆవిడ వాకిట్లో కోళ్లకి గింజలు చల్లుతోంది. తల పూర్తిగా నెరిసిపోయింది అప్పటికి.

"పద అక్కా. బడికి వెళ్దాం. ఈసారి నీ పేరు కూడా ఉంది, నేను చూసొచ్చాను."

గిన్నెలో మిగిలిన గింజలు కూడా దులిపేసి, చేతులు ఏప్రనుకి తుడుచుకుంది. నా వైపు చూసింది. కోపం లేదు. నాలుగేళ్లలో ఎప్పుడూ లేదు.

"నేనెందుకే?" అంది. "నా ఓటు నువ్వు వేసేశావుగా."

లోపలికి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకుంది.